బండ మీద ముప్పై రెండు పట్టెలు

పోయిన ఎండాకాలం ఇద్దరు కుర్ర సర్వేయర్లు ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చారు. ఉద్యోగంలో కొత్తగా చేరారట. రిటైరైన పెద్దవాణ్ణి కలిసి నాలుగు మాటలు వినిపోదామని వచ్చారట. కూర్చున్న గంటలో ముప్పాతిక గంట వాళ్ళే మాట్లాడారు. సంచిలోంచి కొలత యంత్రం తీసి నా ముందు బల్ల మీద పెట్టారు.

"గిది పట్టుకొని నిలబడితే సాలు సార్. మనం ఎక్కడున్నమో అదే జెప్తది" అన్నాడు ఒకడు.

"ఎక్కడున్నవో చెప్తది. ఎవరి జాగల ఉన్నవో చెప్తదా?" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. ముసలాయనకు యంత్రం అంటే గిట్టదు అనుకున్నారు కాబోలు. నాకు సర్రున కోపం వచ్చింది. నా కోపం సంగతి మా ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. అయినా ఇంటికి వచ్చిన పిల్లలు కదా అని చాయ్ తాగించి పంపించాను. వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను కూడా ఒక పెద్దమనిషి మాట విని ఇలాగే నవ్వాను. ఆ నవ్వు ఒక ఊరికి ఏం తెచ్చిపెట్టిందో నాకు తెలుసు. అది చెప్పకుండా ఈ పిల్లలకు నేను ఏం చెప్పినా దండగే. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై మూడు అడుగుల గొలుసు

నేను చేరినప్పుడు మా చేతిలో ఉన్నది గొలుసు. ముప్పై మూడు అడుగులు, దాన్ని పదహారు భాగాలు చేసి అణాలు అనేవాళ్ళం. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. అలాంటివి నలభై కలిస్తే ఎకరం. ఇంతే విద్య. మిగతాదంతా ముళ్ళకంపలు, ఎండ, మనుషులు.

గొలుసు రెండో కొన పట్టుకునేవాడు సత్తయ్య. మా చైన్‌మన్. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సంతకం కూడా కష్టంగా చేసేవాడు గానీ, పొలంలోకి అడుగు పెట్టగానే ఇది ఎవరి దున్నకం, గెట్టు ఎన్నేళ్ళ కింద జరిగింది, మట్టి చూసి చెప్పేవాడు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అతని మాట సగమే వినేవాణ్ణి.

రింగురోడ్డు మాట బయటికి రాకముందు బొంగులూరు నుంచి ఏడాదికి ఒకటో రెండో దరఖాస్తులు వచ్చేవి. రోడ్డు ఇటే వస్తుందని తెలిశాక రోజూ ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడేవారు. అన్నదమ్ములిద్దరు వచ్చారు ఒకసారి. మధ్యలో గెట్టును తమ్ముడు ఏటా నాగలితో గీరి జరుపుతున్నాడని అన్న ఫిర్యాదు. రోజంతా కొలిచాం. పై కొనలో తమ్ముడు మూడడుగులు జరిగిన మాట నిజమే. కింది కొనలో అన్న కూడా మూడడుగులు జరిగాడు. ఆ సంగతి చెప్పేసరికి, పదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు ఒక్కటై నా మీద పడ్డారు. "నీ గొలుసే తప్పు" అన్నారు. సత్తయ్య గొలుసు చుట్టుకుంటూ, "నడువు సారూ, కలిపినం గదా, పుణ్యమొస్తది" అన్నాడు.

చెప్పొచ్చేదేమిటంటే, నా ఉద్యోగమంతా ఇలాంటి అడుగులు, జానల మధ్యనే గడిచింది. పక్కవాడిది ఒక చాలు కలుపుకోని మనిషిని నేను చూడలేదు. ఒక్క ఊళ్ళో తప్ప.

మజ్జిగ

ఆ ఊరికి అసలు పేరు వేరే ఉంది. బండపల్లి అనుకోండి. మంచాల వైపు గుట్టల్లో ఉంటుంది. బస్సు కింద రోడ్డు మీదే ఆగుతుంది. అక్కడి నుంచి రాళ్ళ బాటన ముక్కాలు గంట ఎక్కాలి. గుట్ట నడుమున మెట్లుమెట్లుగా ముప్పై రెండు ఇళ్ళు, రాతి గోడలు, సగం పెంకు, సగం రేకు. ఇళ్ళ కింద జాగకు ఎవరి దగ్గరా కాయితం లేదు. రాళ్ళ సందుల్లో మట్టి ఉన్నచోటల్లా అడ్డంగా రాతికట్టలు పేర్చి రెండు గుంటలో మూడు గుంటలో కంది, జొన్న, ఆముదం వేసుకునేవారు. మేకలు, గుట్ట మీద సీతాఫలాలు. మగవాళ్ళు ఏడాదిలో సగం హయత్‌నగర్ వైపు కూలికి పోయేవారు. చెప్పుకోదగ్గ ఆస్తి ఉన్నది గుట్ట కింద పటేలు కుటుంబానికి. గుట్ట సగందాకా వాళ్ళదే పట్టా.

ఆ కుటుంబంలో అన్న జంగారెడ్డి, తమ్ముడు భూమి పంచుకుంటామని దరఖాస్తు పెట్టారు. ఆ నంబరును రెండు ముక్కలు చేసి పటం గీయడానికి నేను, సత్తయ్య వెళ్ళాం. చైత్రం ఎండ. మధ్యాహ్నానికి ఊరికి కొంచెం కింద దాకా చేరేసరికి ఎదురుగా పెద్ద పరుపు బండ. నాలుగెకరాలు ఉంటుంది. గడ్డిపరక లేదు, మనిషి లేడు. బూట్లలోంచి కూడా కాళ్ళు మాడుతున్నాయి.

సత్తయ్య బండ అంచున చెప్పులు విడిచాడు.

"మాడిపోతవు, తొడుక్కో" అన్నాను.

"బండ అంచున చెప్పులు విడిచిన జాగ ఉన్నది సారూ. రాయి నున్నగైంది సూడు. ఊరోళ్ళు ఇడుస్తున్నరంటే ఏందో ఉన్నది. బండ మీద గుంతలు గూడ ఉన్నయ్, వరుసగ."

చూశాను. బండ మీద అరచేయంత వెడల్పున, లోతు లేని చిన్న చిన్న గుంతలు, ఉలితో కొట్టినట్టు, బారులు బారులుగా. "గుంతలు కొలవనీకి వచ్చినమా మనం?" అని నవ్వాను. "పైకి పోయి ఊళ్ళె అడుగుదమా?" అన్నాడు. ఇంకా పావుగంట ఎక్కుడు. నాకు నాలుక పిడచకట్టుకుపోయింది. కింద జంగారెడ్డి ఇంట్లో మజ్జిగ కుండ ఉందని తెలుసు.

దిగిపోయాం. వాళ్ళ అరుగు మీద కూర్చుని రెండు చెంబుల మజ్జిగ తాగి, చల్లబడ్డాక అడిగాను: "ఆ బండ మీద ఏమన్నా చేస్తరా?"

"బండ మీద ఏం జేస్తరు సారూ? కాళ్ళు గాల్తయ్" అన్నాడు జంగారెడ్డి.

అక్కడే పటం గీశాను. బండను అడ్డంగా రెండుగా కోస్తూ ఒక తిన్నని గీత. పై భాగం అన్నకు, కింది భాగం తమ్ముడికి. వంకర గీత గీయాలంటే మళ్ళీ ఎక్కి కొలవాలి కదా. బండ మొత్తాన్ని పోట్‌ఖరాబు అని రాశాను. అంటే పట్టాలో ఉన్నా సాగుకు పనికిరాని జాగ అని మా భాషలో. దాని పక్కనే రిమార్కు గడి ఉంటుంది. ఆ జాగలో బాట ఉంటే బాట అని, బావి ఉంటే బావి అని, ఊరు దేనికైనా వాడుకుంటుంటే ఆ సంగతి అక్కడ రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలాను.

పిల్లలూ, మజ్జిగ తాగొద్దని అనను. ఎండలో ఎవరిచ్చినా తాగండి. కానీ ఒక పక్షం అరుగు మీద కూర్చుని పటం గీయకండి. ఆ అరుగు మీది నుంచి ఏం కనిపిస్తుందో పటంలో అదే వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ సారు అడిగిన మాట

అప్పట్లో మా సర్వే ఇన్‌స్పెక్టర్ సన్నగా, పొట్టిగా ఉండేవాడు. గట్టిగా మాట్లాడడం నేను వినలేదు. ఆయన పద్ధతి వేరు. ఏ ఊరికి వెళ్ళినా మొదటి రోజు గొలుసు తీయనిచ్చేవాడు కాదు. రచ్చబండ దగ్గరో హోటల్ దగ్గరో ఊరికే కూర్చునేవాడు. కాలం వృథా చేస్తున్నాడని మేము వెనకాల గొణుక్కునేవాళ్ళం.

నా పటం ఆయన బల్ల మీదికి వెళ్ళింది. కళ్ళద్దాలు పైకి జరిపి, ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ ఏమీ రాయలే. అక్కడ ఏమీ లేదా, నువ్వు చూడలేదా?"

"ఏమీ లేదు సార్."

నా ముఖం వైపు కొంచెంసేపు చూశాడు. సంతకం చేశాడు. ఆయనకు అనుమానం వచ్చిందని నాకు తెలుసు. నన్ను నమ్మాలనుకున్నాడు, నమ్మాడు. నా ఉద్యోగ జీవితంలో నేను కొలతలు తప్పిన సందర్భాలు ఉన్నాయి. అవన్నీ సరిదిద్దుకున్నవే. ఆ మూడు మాటలు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"చెప్పులిడువు సారూ"

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. రింగురోడ్డు పడింది. ఆదిబట్ల వైపు పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. ఒకప్పుడు మేకలు కూడా ఎక్కని గుట్టల కింద రంగురంగుల జెండాలు పాతి వెంచర్లు వేశారు. జంగారెడ్డి తమ్ముడు తన ముక్క అమ్ముకుని నగరానికి పోయాడు. అది ప్లాట్లయి, రాతి కడీలు పాతి, చుట్టూ తీగ లాగారు. ఆ తర్వాత జంగారెడ్డి కూడా పై ముక్క అమ్మాడు. కొన్న వెంచర్‌వాళ్ళు హద్దులు చూపించమని దరఖాస్తు పెట్టారు. బండను పగలగొట్టి చదును చేసి బంగళాలు కడతారట. కొండ మీది నుంచి నగరం దీపాలు కనిపిస్తాయని కాయితాల మీద అచ్చేశారు కూడా.

నేను, సత్తయ్య వెళ్ళాం. అతనికి రిటైర్మెంట్ ఏడాదిలో ఉంది. ఈసారి మాఘమాసం, పొద్దున పూట. బండను చూసి ఆగిపోయాను. బండ నిండా కందులు, జొన్నలు, ఆముదపు కాయలు. ఒక్కో రంగు ఒక్కో పట్టెగా పరిచి ఉంది. ఆడవాళ్ళు చేటలతో చెరుగుతున్నారు. వెంచర్ మనిషి బండలు పగలగొట్టే యంత్రం తెప్పించి బండ కింద పెట్టాడు. ఆడవాళ్ళు దాన్ని పైకి రానివ్వడం లేదు.

నేను బండ మీద అడుగు పెట్టబోతుంటే ఒకామె చేట కింద పెట్టి లేచింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఎత్తు మనిషి. పేరు అంతమ్మ.

"చెప్పులిడువు సారూ. గీ నీళ్ళే తాగుతం."

అర్థం కాలేదు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకెళ్ళి చూపించింది. బండ పై అంచు నుంచీ, కొంచెం లేచి ఉన్న కింది అంచు నుంచీ వాలుగా వచ్చి ఒక పక్కన లోతైన గుంటలోకి దిగుతుంది. దాన్ని వాళ్ళు దొన అంటారు. వానకు బండ మీద పడిన నీళ్ళన్నీ అందులోకి చేరతాయి. అందుకే బండ మీద చెప్పులు లేవు, మేకలు లేవు, ఉమ్మి వేయడం లేదు.

"బోరు ఏసిండ్రు గద మీకు?" అన్నాను.

"ఏసిండ్రు. ఉప్పు నీళ్ళు. గా నీళ్ళల్ల పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకది. దొన నీళ్ళు పోసినమా, పొంగు రాంగనే మెత్తగైతది. పసిపోరల పాలు గూడ గీ నీళ్ళతోనే కలుపుతం. బండ పోతే దొన పోతది సారూ. దొన పోతే మేం గుట్ట దిగాలె. దిగి ఏడికి పోవాలె?"

తర్వాత గుంతల సంగతి చెప్పింది. ముప్పై రెండు ఇళ్ళకు ముప్పై రెండు పట్టెలు. పట్టె మూలల్లో గుంత గుర్తు. ఆ పట్టెలో ఆ ఇంటివాళ్ళే పంట ఎండబోసుకోవాలి, ఆ పట్టెను వాళ్ళే ఊడ్చి కడగాలి. అలా అందరూ ఊడిస్తేనే వానాకాలానికి బండ మొత్తం శుభ్రంగా ఉండి దొనకు మంచినీళ్ళు దిగుతాయి. పట్టె అత్త నుంచి కోడలికి వస్తుంది. మగవాళ్ళకు దాని మీద మాట లేదు.

"భూమి మొగోళ్ళది, అమ్ముకున్నరు. బండ మాది, మేమెవ్వలం అమ్మలే" అంది అంతమ్మ. "గీ బండ దేనికి పనికిరాదని కాయితంల రాసున్నదంట గద. ఆ కాయితం రాసిందెవలు సారూ?"

సత్తయ్య నా వైపు చూడలేదు. గొలుసు సర్దుకుంటూ తల వంచుకున్నాడు. చెప్పకపోతే ఆమెకు తెలిసేది కాదు.

"నేనే అక్కా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "గప్పుడొచ్చినవా? మేమెవ్వలం సూడలేదే" అంది ఆశ్చర్యంగా. "పైకి రాకపోతివి, నీళ్ళన్న ఇద్దుము."

దిగి వచ్చేటప్పుడు జంగారెడ్డి ఇంటి ముందు ఆగి అడిగాను, ఆ రోజు ఎందుకు చెప్పలేదని. ఆయన తడుముకోలేదు. "బండ మీద ఏం జేస్తరని నన్నడిగినవ్, ఆడోళ్ళనడగలే. మా అమ్మ గూడ గక్కడికి పోయి ఆడోళ్ళతోని చెరుగుతుండె. అమ్మేటప్పుడు గదంతా యాదికొస్తదా సారూ?" ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. పై బండను అమ్మింది ఆయన. అమ్మడానికి వీలుగా రాసిచ్చింది నేను.

నా తప్పు నేనే రాయడం

హద్దులు చూపించకుండా ఆఫీసుకు వచ్చి నివేదిక రాశాను. "ఈ పటం లోగడ నేనే తయారుచేశాను. ఊరి వాడుకను విచారించలేదు. రిమార్కు గడి ఖాళీగా వదలడం నా పొరపాటు. బండ ఊరి కల్లంగాను, తాగునీటికి ఆధారంగాను వాడుకలో ఉన్నది." ఇంతే. నాలుగు వాక్యాలు రాయడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు రాసిన కాయితాల్లో ఎండ ఎక్కువగా ఉందని, దరఖాస్తుదారు సమాచారం ఇవ్వలేదని, ఇంకా ఏవేవో ఉన్నాయి. అన్నీ చింపేశాను.

అప్పటి మా పై అధికారి చదివి నన్ను పిలిచాడు. చెడ్డవాడు కాదు. నా మంచికే చెప్పాడు.

"ఎవడన్నా తన తప్పు తనే రాసుకుంటడా? గా వెంచరోడు రేపు నీ మీద కేసు ఏస్తడు. గడి ఖాళీగ ఉంటే ఖాళీగనే ఉండనీయ్. ఆడోళ్ళు రెండ్రోజులు లొల్లి చేసి ఊకుంటరు."

"ఊకోరు సార్. దిగిపోతరు" అన్నాను.

మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో నా భార్య రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు. తప్పు రాసుకుంటే ఏమవుతుందోనని భయపడే పిల్లలకు, ఏమవుతుందో చెబుతున్నాను. ఇంతే అవుతుంది.

ఒక్కొక్కరే నిలబడ్డ పొద్దు

నా నివేదిక మీద తహసీల్దారు స్వయంగా విచారణకు వచ్చాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, ముక్కుసూటి మనిషి. వెంచర్ మనిషి ముందే సిద్ధంగా ఉన్నాడు.

"గుంతలు నిన్నమొన్న కొట్టిండ్రు సార్. ఎవరో సర్వేయర్ సార్‌కు కథ చెప్పిండ్రు, ఆయన రాసిండు. ఒక్క కాయితం చూపియ్యమనుండ్రి."

కాయితం లేదు. తహసీల్దారు నా వైపు చూశాడు. అప్పుడు నాకు మా ఇన్‌స్పెక్టర్ సారు గుర్తొచ్చాడు. ఆయనైతే ఏం చేసేవాడు? గొలుసు పక్కన పెట్టి మనుషులను అడిగేవాడు.

"సార్, ఆడవాళ్ళందరినీ పైన బడిలో కూర్చోబెడదాం. ఒక్కొక్కరినే పిలిచి, మీ పట్టె మీద నిలబడమందాం. సత్తయ్య నాలుగు మూలలా సున్నం గుర్తు పెడతాడు. గుర్తు చెరిపేసి తర్వాతివాళ్ళను పిలుద్దాం. నేను పటంలో వేసుకుంటూ పోతాను. కథ అయితే ఒకరి పట్టె ఇంకొకరి మీద ఎక్కుతుంది" అన్నాను. వెంచర్ మనిషి హుషారుగా ఒప్పుకున్నాడు. ముందు రాత్రి వాన పడి బండ కడిగినట్టుంది. గింజ లేదు, పరక లేదు. తడికి గుంతల్లో నాచు పచ్చగా తేలి కనిపిస్తోంది.

మొదటి ఆమె వచ్చింది. చెప్పులు విడిచి, తిన్నగా నడిచి వెళ్ళి నిలబడింది. "గిక్కడ్నుంచి గక్కడి దాక." సత్తయ్య గుర్తు పెట్టాడు, నేను కొలిచాను, గుర్తు చెరిపాడు. రెండో ఆమె, మూడో ఆమె. ఒక ముసలామెను మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చింది. కళ్ళు కనిపించవు. పాదాలతో తడుముతూ గుంత దొరకగానే ఆగింది. పదిమంది అయ్యేసరికి నా పటం మీద గీతలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టాయి. ఇరవై నలుగురు అయ్యేసరికి పై బండ నిండిపోయింది. ఎక్కడా ఒకరిది ఒకరి మీద ఎక్కలేదు. బొంగులూరు అన్నదమ్ములు గుర్తొచ్చి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

ఒక్కచోట మాత్రం ఖాళీ. నడిమధ్యలో ఒక పట్టె మీద ఎవరూ నిలబడలేదు.

"చూసిండ్రా సార్! లెక్క తప్పింది" అన్నాడు వెంచర్ మనిషి.

తహసీల్దారు ఆ ఖాళీకి ఇటు పక్క పట్టె ఆమెను వేరుగా, అటు పక్క ఆమెను వేరుగా పిలిచి అడిగాడు. ఇద్దరూ ఒకటే పేరు చెప్పారు. ఈశ్వరమ్మ. భర్తతో హయత్‌నగర్ పోయి పన్నెండేళ్ళయింది. డిపో పక్కన ఎక్కడో పనిచేస్తున్నారట. మళ్ళీ రాలేదు.

"పన్నెండేండ్ల నుంచి ఖాళీగ ఉంటే, మీరెందుకు కలుపుకోలే?" అన్నాడు తహసీల్దారు.

అటు పక్క ఆమెకు ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. "మాది గాదు గద సారూ" అంది.

తహసీల్దారు కుర్చీలోంచి లేచాడు. బండ అంచుకు వెళ్ళి బూట్లు విప్పాడు. ఆ నిమిషంలో బండ నిలబడిందని నాకు తెలిసిపోయింది.

కానీ లెక్క ఇంకా పూర్తి కాలేదు. ముప్పై రెండులో ఇరవై అయిదు తేలాయి. ఏడు మిగిలాయి. బడిలో వెనగ్గా కూర్చున్న ఏడుగురు ఇంకా రావాలి. వాళ్ళు వచ్చారు. వచ్చి, ఒక్కొక్కరే, బండకు అడ్డంగా లాగిన తీగ దగ్గర ఆగి, వంగి, తీగ కిందుగా అవతలికి వెళ్ళి నిలబడ్డారు. అది తమ్ముడు అమ్ముకున్న కింది ముక్క. ఎప్పుడో రిజిస్ట్రేషన్లు అయిపోయి, ఎవరెవరి చేతులకో మారిపోయిన ప్లాట్లు. దాని మీద ఆ రోజు విచారణ లేదు, ఉండడానికి వీల్లేదు. ఆ తీగ, నేను జంగారెడ్డి అరుగు మీద కూర్చుని గీసిన తిన్నని గీతే.

ఆ ఏడుగురిలో చివరన వచ్చింది అంతమ్మ. కడీల మధ్య తన పట్టె మీద నిలబడి, మిగతావాళ్ళలాగే, "గిక్కడ్నుంచి గక్కడి దాక" అంది.

ఇన్ని రోజులు ఆమె తన పట్టె కోసం కొట్లాడుతోందనుకున్నాను. ఆమెది ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నీ పట్టె ఏదని ఒక్కసారైనా అడగాలని నాకు తోచలేదు. సత్తయ్య సున్నం డబ్బా పట్టుకుని తీగ ఇవతలే నిలబడిపోయాడు. "పెట్టాల్నా సారూ?" అని అడిగాడు. పెట్టమన్నాను. కొలిచాను. పటంలో వేశాను. ఎందుకూ పనికిరాదని తెలిసి వేసిన కొలత నా ఉద్యోగంలో అదొక్కటే.

చీపురు

పై బండ, దొన వెంచర్ నుంచి తప్పించారు. రిమార్కు గడిలో నా చేత్తోనే రాశాను: ఊరి కల్లం, తాగునీటి దొన, ఇరవై అయిదు పట్టెలు వాడుకలో ఉన్నవి. కింది ప్లాట్లకు గోడలు లేచాయి, ఆ ఏడు పట్టెల నీళ్ళు ఇప్పుడు దొనకు రావు. వైశాఖం నాటికి దొన అడుగంటుతోంది. అప్పట్లో నీళ్ళు జ్యేష్ఠం దాకా ఉండేవట. రెండు ఇళ్ళు గుట్ట దిగిపోయాయి. నేను కాపాడింది ఎంతో, పోగొట్టింది ఎంతో నాకు తెలుసు. ఎవరైనా బండపల్లిని కాపాడిన సర్వేయర్ అని నన్ను పొగడబోతే ఆపేస్తాను.

సత్తయ్య ఇప్పుడు లేడు. నేను రిటైరయ్యాక ఏడాదికోసారి, పంట వచ్చే రోజుల్లో, ఆ గుట్ట ఎక్కుతాను. మోకాళ్ళు సహకరించడం లేదు గానీ ఎక్కుతాను. అంతమ్మ తన కందులు కింద రోడ్డు మీద, వచ్చేపోయే బండ్ల మధ్య టార్పాలిన్ పరిచి ఎండబోసుకుంటోంది. మొదటిసారి అది చూసి ఉండబట్టలేక అడిగాను.

"ఈశ్వరమ్మ పట్టె ఖాళీగనే ఉన్నది గదక్కా. అందరూ నిన్నే తీసుకోమన్నరట."

"అన్నరు" అంది. కందులు చేత్తో నెరుపుతూ అటు తిరిగింది.

పోయిన మాఘంలో పొద్దున్నే వెళ్ళాను. బండ అంచున చెప్పులు విడిచి చూస్తే, నడిమధ్యలో ఎవరో వంగి ఊడుస్తున్నారు. చుట్టూ పట్టెల వాళ్ళు ఇంకా రాలేదు. దగ్గరికి వెళ్తే అంతమ్మ. ఈశ్వరమ్మ పట్టెను మూలమూలలా ఊడ్చి, గుంతల్లో మట్టి వేలితో తీస్తోంది. బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టుకుంది, కడగడానికి.

"నువ్వు ఎండబోసుకోవు. మరెందుకక్కా ఊడుస్తున్నవ్?"

నడుము పట్టుకుని నిలబడింది. నేను అడగకూడనిది ఏదో అడిగినట్టు చూసింది.

"వస్తదేమో సారూ. నాచు పట్టి ఉంటే పాపం ఏడ ఎండబోసుకుంటది?"

నేను బిందె అందుకుని నీళ్ళు పోశాను, ఆమె కడిగింది.